కాటన్ ఊళ్లో ఒక పగలు

చదువు కోసం విదేశాలకు వెళ్లిన పిల్లలు ఇంటికి పంపే ఛాయాచిత్రాలకు ఒక వరుస ఉంటుంది. విమానాశ్రయంలో సామాను బండి పక్కన నిలబడినది ఒకటి, తొలిసారి మంచు కురిసిన ఉదయం తీయించుకొన్నది ఒకటి, పేరుమోసిన కట్టడం ముందు రెండు వేళ్లు చూపుతూ నవ్వినది మరొకటి. అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో ఏ ఇంటికి వెళ్లినా పెద్దలు కళ్లజోడు సవరించుకొని సెల్‌ఫోన్‌లో ఈ బొమ్మలు చూపిస్తారు. ఆ చూపించడంలోని మురిపాన్ని తక్కువ చేయనక్కరలేదు. కాని పిల్లల ముఖాలను తీసివేస్తే మిగిలిన బొమ్మ అన్ని ఇళ్లలోనూ ఒక్కటే. అదే వంతెన, అదే గడియార స్తంభం.

లండన్‌లో చదువుకొంటున్న ఒక కోనసీమ విద్యార్థిని అక్టోబరు నెలలో ఒక శనివారం నాడు తీసిన చిత్రాలు మాత్రం ఆ వరుసలో ఇమడలేదు. ఆమె స్వగ్రామం రాజోలు ప్రాంతంలో, వైనతేయ, వసిష్ఠ పాయల నడుమ చిక్కుకొన్న నగరం దీవిలో ఉంది. ఆ దీవికి సాగునీరు చేరాలంటే నదిని దాటి రావలసిందే. అందుకని పి.గన్నవరం వద్ద కాలువనే వంతెన ఎక్కించి, వైనతేయ పాయ మీదుగా అవతలి గట్టుకు తీసుకొనిపోయారు. కింద నది, పైన కాలువ. చూసినవారికి నది మీద మరొక నది పారుతున్నట్లు ఉంటుంది. 49 కమానులతో ఆ పాత అక్విడక్టును 1850ల తొలి సంవత్సరాలలో లెఫ్టినెంట్ హేగ్ అనే ఇంజనీరు కట్టించాడు. గోదావరి డెల్టా పథకం మొత్తానికి రూపకర్త ఆయన పై అధికారి ఆర్థర్ కాటన్.

ఆ అమ్మాయి తాతగారికి ఆ కాలువ చిట్టచివర రెండెకరాల వరిచేను, దానిని ఆనుకొని కొద్దిపాటి కొబ్బరితోట ఉన్నాయి. ఇంటి వసారాలో దేవుళ్ల పటాల వరుసలోనే ఒక దొర పటం వేలాడుతూ ఉంటుంది. గోదావరి మండలాలలో ఇదేమీ వింత కాదు. కాలువ గట్ల మీద, కూడళ్లలో కాటన్ విగ్రహాలు లెక్కకు మించి కనిపిస్తాయి. మే 15న ఆయన జయంతికి రైతులు పూలమాలలు వేస్తారు. విగ్రహాల తయారీకి పేరుపొందిన కొత్తపేటలో శిల్పులు ఛాయాచిత్రాన్ని ఎదురుగా పెట్టుకొని బంకమట్టిలో పోలిక పట్టడం చూడవచ్చు. కోనసీమవాసికి మహనీయుడి రూపం ముందు ఫొటోగా వస్తుంది, ఆ తరువాతనే విగ్రహమవుతుంది.

మనుమరాలు లండన్ బయలుదేరిన రోజున తాతగారు అడిగినది ఒక్కటే. "ఆ దొరను ఎక్కడ కప్పెట్టారో చూసి రా తల్లీ. వీలైతే ఒక ఫొటో తియ్యి. వీలు కాకపోతే దండం పెట్టి రా, చాలు."

ఆ ఒక్క పనికి ఏడాది పట్టింది. తరగతులు, పరీక్షలు, సాయంకాలాలు దుకాణంలో కూలిపని. ఇంగ్లండులో చదివే మన పిల్లల దినచర్యలో విహారానికి మిగిలే రోజులు ఇంట్లోవారు అనుకొనేటన్ని ఉండవు. కాటన్ సమాధి సర్రే ప్రాంతంలోని డోర్కింగ్ అనే చిన్న పట్టణంలో ఉంది. లండన్‌లోని వాటర్లూ స్టేషన్‌లో రైలెక్కితే సుమారు గంట ప్రయాణం. అంత దగ్గరగా ఉన్నందువల్లనే వచ్చే వారం, ఆ పై వారం అనుకొంటూ వాయిదా పడింది. చివరకు ఆ శనివారం సహాధ్యాయినులు ఇద్దరు నగర విహారానికి పిలిచినప్పుడు, పొద్దుట వారితోనూ మధ్యాహ్నం ఒంటరిగానూ తిరగడానికి నిశ్చయించుకొంది.

తెల్లవారిన కొద్దిసేపటికే ముగ్గురూ వెస్ట్‌మినిస్టర్ వంతెన మీద ఉన్నారు. థేమ్స్ నదికి లండన్ వరకు సముద్రపు ఆటుపోట్లు తగులుతాయి. ఆ వేళ పాటు. నీరు దిగిపోయి గట్ల వెంబడి నల్లని బురదమేటలు బయటపడి ఉన్నాయి. స్నేహితురాళ్లు పార్లమెంటు గడియార గోపురం వైపు తిరిగి ఫొటోలు దిగుతుంటే, ఆ అమ్మాయి వంతెన పిట్టగోడ మీదుగా వంగి బురదను ఫొటో తీసింది. అంతర్వేది దగ్గర పాటు వేళ వసిష్ఠ ఒడ్డు సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఇంత దూరం వచ్చి బురద ఫొటో ఏమిటని వారు నవ్వారు. ఆమె కూడా నవ్వి, గోపురం ముందు ఒక ఫొటో దిగింది. అమ్మకు అదే కావాలి.

అక్కడికి నాలుగడుగులలో వెస్ట్‌మినిస్టర్ అబే ఉంది. ఇంగ్లండు రాజులకు పట్టాభిషేకం జరిగే ప్రార్థనాలయం అది. ఏడవ ఎడ్వర్డ్‌కు 1902 ఆగస్టు 9న అక్కడే కిరీటధారణ జరిగింది. ఈ తేదీకి కోనసీమలో ఒక కథ ముడిపడి ఉంది. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరానికి కోడలిగా వచ్చిన డొక్కా సీతమ్మ గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు కులమతాలు, వేళాపాళా చూడకుండా అన్నం పెట్టేది. 1909లో కన్నుమూసే వరకు ఆ ఇంట పొయ్యి ఆరలేదంటారు. ఆమె కీర్తి చక్రవర్తి వరకూ చేరిందనీ, పట్టాభిషేక వేడుకలకు ఆహ్వానం వచ్చిందనీ, తాను వెళితే ఇంటికి వచ్చే ఆకలిగొన్నవారు ఏమవుతారని ఆమె రానన్నదనీ చెప్పుకొంటారు. కనీసం ఫొటో అయినా పంపాలని పైనుంచి ఉత్తరువు వచ్చిందట. ఆమె దానికీ ఒప్పుకోలేదట. ఫొటో లేకుండా వెళితే తన ఉద్యోగానికే ముప్పు అని అధికారి బతిమాలితే, అతని కడుపు కొట్టడం ఇష్టం లేక కెమెరా ముందు కూర్చొన్నదట. ఆ ఫొటోను వేడుకలో ఒక ఆసనం మీద ఉంచి గౌరవించారని కథ చెప్పేవారు ముగిస్తారు.

ఇందులో ఎంత దస్త్రాలకు ఎక్కిందో, ఎంత తరతరాల నోట పెరిగిందో విడదీయడం తేలిక కాదు. కాని ఆ కథ సీతమ్మను చూపిన తీరు గమనించదగినది. గొప్పతనం ఫొటో దిగడంలో లేదు, వద్దనడంలో ఉంది. దిగినది సైతం మరొకరి అన్నం కోసమే. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలల విద్యార్థులకు కూడా ఆ పేరుతోనే అన్నం వడ్డిస్తున్నారు. పి.గన్నవరంలో పాతదాని తరువాత కట్టిన కొత్త అక్విడక్టుకు పెట్టినదీ సీతమ్మ పేరే.

అబే పడమటి ద్వారం ఎదుట ఆ విద్యార్థిని చాలాసేపు నిలబడింది. కట్టడమంతా చట్రంలోకి రావాలంటే వీధి దాటి వెనక్కు జరగాలి. జరిగితే బస్సులు అడ్డు వస్తాయి. చివరకు ఆమె జంట గోపురాలను వదిలివేసి, మనుషులు లోపలికి వెళ్లే ద్వారాన్ని మాత్రం తీసింది. సీతమ్మ ఫొటో నిజంగా లండన్‌కు వచ్చి ఉంటే, ఇటువంటి ద్వారం గుండానే ఎవరి చేతులలోనో లోపలికి వెళ్లి ఉంటుంది. ఆ ఊహే ఆ ఫొటోకు వస్తువు.

పదకొండు గంటలకు స్నేహితురాళ్ల దగ్గర సెలవు తీసుకొని రైలెక్కింది. నగరపు ఇళ్లు పలచబడి, పచ్చిక మైదానాలు, ఆకురాల్చే చెట్లు కిటికీలోకి వచ్చాయి. డోర్కింగ్ స్టేషన్‌లో దిగి పెద్ద రోడ్డు వెంబడి నడిస్తే, నాలుగు దారుల కూడలిలో ముందుగా ఎదురయ్యేది లోహంతో చేసిన పది అడుగుల కోడిపుంజు. డోర్కింగ్ పేరుతో ప్రసిద్ధమైన ఒక కోడిజాతి ఉంది. మామూలు కోళ్లకు కాలికి నాలుగు వేళ్లయితే దీనికి అయిదు. సంక్రాంతికి చట్టం కాదన్నా బరులు గీసి, డేగ, కాకి, నెమలి అంటూ రంగును బట్టి పుంజుకు జాతకం చెప్పే సీమ నుంచి వచ్చిన పిల్లకు, కూడలి మధ్య పుంజు విగ్రహం కనబడితే ఏమనిపిస్తుందో వేరే చెప్పాలా? తమ్ముడికి పంపడానికి దానిని నాలుగు వైపుల నుంచీ తీసింది. కోనసీమలో ఆ రోజు అందరికంటె ఎక్కువమంది చూసిన ఫొటో అదేనని తరువాత తెలిసింది.

కూడలి నుంచి రైగేట్ వెళ్లే దారిలో శ్మశానవాటిక ఉంది. 1855లో తెరిచిన ఆ వాటిక కొండవాలున పెద్ద పెద్ద చెట్ల మధ్య ఉద్యానవనంలా ఉంటుంది. జార్జి మెరిడిత్ అనే ప్రసిద్ధ నవలాకారుడి సమాధి కూడా అక్కడే ఉంది. వరుసల వెంట పేర్లు చదువుకొంటూ వెళ్లగా, చాలాసేపటికి ఒక రాతి మీద కాటన్ పేరు కనిపించింది. ఊరూరా గుర్రం మీద, టోపీతో, నిలువెత్తున చూసిన మనిషి ఇక్కడ వరుసలో ఒకడు. దారిన పోయేవారెవరూ ఆగడం లేదు. ఆమె చెప్పులు విడిచి చేతులు జోడించింది. తాతగారు చెప్పిన రెండు పనులలో సులువైనది అది.

కాటన్ 1803లో పుట్టాడు. పద్ధెనిమిదేళ్ల వయసులో మద్రాసు వచ్చి, కావేరి నది మీది పనులతో అనుభవం గడించాడు. ఆనాటి గోదావరి సీమ పరిస్థితి నేటి పచ్చదనాన్ని చూసినవారు నమ్మలేనిది. 1832-33లో డొక్కల కరువు, 1839లో ఉప్పెన. ఒక ఏడు నీరు లేక, ఒక ఏడు నీరు ఎక్కువై ఊళ్లు ఖాళీ అయ్యాయి. కాటన్ నది పొడవునా తిరిగి నివేదికలు సమర్పించి, 1847లో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పని ప్రారంభించి, 1852 నాటికి పూర్తి చేయించాడు. 1861లో ఆయనకు సర్ బిరుదు లభించింది. వార్ధక్యంలో డోర్కింగ్‌లో స్థిరపడి, 1899 జూలై 24న తన 96 ఏళ్ల వయసులో అక్కడే మరణించాడు. ఆయన కుమార్తె ఎలిజబెత్ ఇదే పట్టణంలో, కష్టజీవులు సారాయి దుకాణాల పాలు కాకుండా ఉండాలని ఒక కాఫీ హోటలు నడిపి, ఆ అనుభవాలను 1876లో పుస్తకంగా రాసింది. తండ్రి జీవితచరిత్ర రాసినదీ ఆమెయే.

గోదావరి రైతు కాటన్‌ను దేవుడిగా కొలవడంలో ఆ రైతు హృదయం ఉంది. చరిత్ర మొత్తం మాత్రం అందులో ఇమడదు. పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్లు శిస్తు రూపంలో తిరిగి వస్తుందన్న లెక్క చూపకుండా కంపెనీ ప్రభుత్వం చేత ఒక్క రూపాయి ఖర్చు చేయించడం సాధ్యమయ్యేది కాదు. ఆ లెక్కను కాటనే చూపించాడు. ఇక పని చేసినదెవరు? వేలాదిమంది కూలీలను కూడగట్టి, నడిపించిన వీణెం వీరన్న పేరు కొంతవరకు మిగిలింది. రాళ్లు మోసిన వారి పేర్లు మిగలలేదు. ఫొటో తీసే విద్య లోకానికి వెల్లడైనది 1839లో. ఆనకట్ట పని మొదలయ్యేనాటికి దానికి ఎనిమిదేళ్లు. అప్పటి ఫొటో యంత్రాల ఎదుట మనిషి కొన్ని క్షణాలపాటు బొమ్మలా కదలకుండా నిలబడాలి. తట్ట నెత్తిన పెట్టుకొన్న కూలీకి అంత తీరిక ఎవరిస్తారు?

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె ఇంటికి ఫోన్ చేసి, బొమ్మ కనబడేలా సమాధి వైపు తిప్పింది. కోనసీమలో అప్పుడు సాయంత్రం అయిదున్నర. తాతగారు చేనుగట్టునే ఉన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత, "పూలు ఎవరూ పెట్టలేదేంటి తల్లీ?" అన్నారు. మరి కాసేపటికి, "అక్కడ వాన పడితే మురుగు ఎటు పోద్ది?" అని అడిగారు.

నవ్వు పుట్టించే ప్రశ్నే. కాని కోనసీమ శివారు రైతుకు అంతకంటె పెద్ద ప్రశ్న లేదు. నీరు తేవడం ఒక ఎత్తు, వచ్చిన నీటిని చేను ముంచకుండా సముద్రానికి సాగనంపడం మరొక ఎత్తు. మురుగు కాలువలు పూడుకొనిపోతే భారీవర్షానికి చేలు చెరువులవుతాయి. సముద్రపు పోటుకు ఉప్పునీరు వెనక్కు ఎగదన్నుతుంది. శంకరగుప్తం డ్రెయిన్ పరిసరాలలో ఉప్పునీటి దెబ్బకు కొబ్బరిచెట్లు తలలు వాల్చి మోడులయ్యాయి. 2011లో కోనసీమ రైతులు ఖరీఫ్ సాగు మానుకొని పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కష్టాలలో గిట్టుబాటు ధరతో పాటు ఈ మురుగు బాధ కూడా ఉంది.

"తాతయ్యా, ఆయన నీళ్లు తెచ్చారు కదా, మురుగు సంగతి తరవాతి వాళ్లు చూసుకోవాలి కదండీ" అంది మనుమరాలు.

"ఆయన్ని అనడం లేదమ్మా. నీళ్లు తెచ్చిన దొర ఫొటో ఊరూరా ఉంది. మెడలోతు మురుగులో దిగి గుర్రపుడెక్క లాగేవాడి ఫొటో నువ్వెక్కడన్నా చూశావా?" అన్నారాయన. అంతలో ఫోన్ సంకేతం తెగిపోయింది.

కొంచెం దూరంలో ఒక నడివయసు పనివాడు పొడవాటి పళ్ల చీపురుతో రాలిన ఆకులను కుప్ప చేస్తున్నాడు. తాతగారి మాట చెవిలో ఉండగానే ఆమె అతని దగ్గరకు వెళ్లి, పని చేస్తుండగా ఒక ఫొటో తీసుకోవచ్చునా అని అడిగింది. అతడు మర్యాదగా వద్దన్నాడు. కారణం చెప్పలేదు. ఆమె అడగలేదు. కెమెరా చేతిలో ఉన్నంత మాత్రాన ఎదుటివారి ముఖం మన సొత్తు కాదు. విహారయాత్రలలో చాలామంది మరచిపోయే మర్యాద ఇది. అతడే మాట కలిపి, ఈ ఎండలో రాతి మీది అక్షరాలు ఫొటోలో కనబడవనీ, నాలుగు గంటల తరువాత రమ్మనీ చెప్పాడు. నిజమే. నడినెత్తి వెలుగులో చెక్కిన అక్షరం చదునుగా తేలిపోతుంది. ఏటవాలు వెలుగు పడితే ప్రతి గాడిలోనూ ఒక నీడ నిలిచి అక్షరం పైకి లేస్తుంది. శాసనాలను ఫొటో తీసేవారు పాటించే కిటుకు అది. రోజూ ఆ రాళ్ల మధ్య తిరిగే మనిషికి ఎవరూ నేర్పనక్కరలేదు.

మిగిలిన మూడు గంటలు ఆమె బాక్స్ హిల్ కొండ వైపు నడిచింది. కొండ అడుగున మోల్ అనే చిన్న నది ఉంది. వరుసగా పేర్చిన రాళ్ల మీద అడుగులు వేస్తూ దానిని దాటవచ్చు. సుద్దరాతి నేల కావడం చేత, వానలు లేని వేసవిలో ఆ నీరు కొన్ని చోట్ల నేల బొరియలలోకి ఇంకిపోతుందట. పంటు కోసం రేవులో ఎదురుచూడడమే నది దాటడమని చిన్ననాటి నుంచి ఎరిగిన పిల్ల, పదిహేను ఇరవై అడుగులలో ఒక నదిని దాటింది. మళ్లీ వెనక్కు దాటింది. ఎవరూ చూడడం లేదని మూడోసారి కూడా దాటింది. అక్కడ ఫొటోలు తీయడం మరచిపోయింది.

నాలుగున్నరకు తిరిగి వచ్చేసరికి వెలుగు చెట్ల సందులనుంచి వాలుగా పడుతూ ఉంది. పనివాడు వెళ్లిపోయాడు. ఆకుల కుప్ప అలాగే ఉంది. దారిలో కొన్న చామంతులను రాతి పాదాన పెట్టి, ఆమె మూడే మూడు ఫొటోలు తీసింది. అక్షరాలు నిండుగా కనబడేది ఒకటి. కొండవాలు, చెట్లు, ఇరుగుపొరుగు సమాధులతో కలిపి దూరం నుంచి తీసినది ఒకటి. ఆకుల కుప్ప, దాని మీద వాల్చిన చీపురు మరొకటి. మూడింటిలోనూ తాను లేదు. సాయంత్రం రైలులో వాటిని పంపితే, నీవెక్కడే అని తల్లి అడిగింది. తాతగారు అడగలేదు. మొదటి దానిని అమలాపురంలో స్టూడియోకు ఇచ్చి పెద్దది చేయించి, పాత పటం పక్కన తగిలించారు.

పది రోజుల తరువాత ఊరి నుంచి ఒక ఫొటో వచ్చింది. తమ్ముడు తీసినది. మురుగు కాలువలో నడుములోతు నీళ్లలో నిలబడిన ఏడుగురు మనుషులు, భుజాల మీద గుర్రపుడెక్క తీగలు, ఒకరిద్దరి ముఖాలలో సిగ్గుతో కూడిన నవ్వు. తాతగారు చెబుతుండగా తమ్ముడు ఫొటో కింద ఏడుగురి పేర్లూ, ఇంటిపేర్లతో సహా, ఎడమ నుంచి కుడికి వరుసగా రాశాడు. ఎనిమిదో అతను మాత్రం తనకు ఫొటో వద్దని గట్టెక్కి, బీడీ ముట్టించుకొన్నాడట.